అర సెకను

ఫిబ్రవరి పదహారున, మధ్యాహ్నం రెండూ పదికి, నర్సు గ్రేసమ్మకు అన్యాయం జరిగింది. పాము కరిచిన మనిషిని అంబులెన్సు ఎక్కిస్తూ డాక్టరుతో ఆస్పత్రి ఫోను యాప్‌లో మాట్లాడుతోంది. ఆస్పత్రి గేటు దాటేసరికి వైఫై పోయింది. సిమ్ సిగ్నల్ అందుకునేలోపు ఫోను మూగబోయింది. మందు ఎంత ఎక్కించాలో చెప్పిన మాట సరిగ్గా అక్కడే పడిపోయింది. రోగి బతికాడు. అది అతని అదృష్టం, ఆ ఫోను యాప్ రాసినవాడి గొప్ప కాదు.

రాసినవాడు శేషుబాబు. బెజవాడలో ఆండాళమ్మ గారి దగ్గర పని నేర్చుకుంటున్నాడు. పది రోజులు కూచుని తప్పు సరిచేశాడు. ఛాతీ ఇంకాస్త విరుచుకున్నాడు.

"ఇప్పుడు వైఫై వదిలి సిమ్ పట్టుకోవడానికి అర సెకను చాలు మేడమ్. ఈ వేగం ఇంకెవరికీ లేదు. సోమవారం అన్ని ఆస్పత్రులకూ పంపేద్దాం."

ఆండాళమ్మ కళ్లద్దాలు తీసింది. "చెప్పులేసుకో."

పక్క వీధి రామమందిరంలో ఏకాహం జరుగుతోంది. పగలూ రాత్రీ రామనామం ఆగకూడదు. ఆగిందా, మళ్లీ మొదటికే. గంటకొకరు మారతారు. వీరాస్వామి అనే పెద్దాయన గంట నుంచీ పాడుతున్నాడు. ఆండాళమ్మ శేషుబాబు చేతిలో ఒక జత తాళాలు పెట్టి, ఆయన తర్వాత అతన్ని పాడమంది.

శేషుబాబు తాళాలు ఒళ్లో పెట్టుకుని, పెద్దాయన ఎప్పుడు ఆపుతాడా అని మర్యాదగా కూచున్నాడు. పెద్దాయన ఆపలేదు. గొంతు జీరబోతోంది, చొక్కా తడిసిపోయింది, అయినా ఆపలేదు. ఇతని వంకే చూస్తున్నాడు.

పక్కన కూచున్న సుభద్రమ్మ మోచేత్తో పొడిచింది. "ఆయన్ని చంపుతావా ఏంటయ్యా? పాడు."

"ఆయన ఆపగానే అందుకుంటానండీ. నేను చురుకే."

"నువ్వెంత చురుకైనా, ఆ మధ్యలో రాముడు లేడుగా."

శేషుబాబు గొంతు కలిపాడు. నాలుగు చుట్లు ఇద్దరి గొంతులూ, రెండు జతల తాళాలూ కలిసే నడిచాయి. ఆ గంట పూర్తయ్యాక ఇంకొకరు అతనితో గొంతు కలిపారు, అతను లేచొచ్చాడు.

గుమ్మంలో ఆండాళమ్మ ఒక్కటే అడిగింది. "పెద్దాయన ఎప్పుడు ఆపాడు?"

"తెలియలేదు మేడమ్."

ఆవిడ ఆఫీసు వైపు నడిచింది.

ఆఫీసులో శేషుబాబు బోర్డు దగ్గరికి వెళ్లి, పెద్దక్షరాలతో తను రాసుకున్న అర సెకనును చెరిపాడు. దాని కింద పంపే తేదీనీ చెరిపి, 'సిమ్ అందాకే వైఫై వదలాలి' అని రాశాడు. తల మాత్రం దించలేదు. ఎవరూ అడక్కుండానే, తన పేరు పెట్టి మరీ కొత్త తేదీ వేశాడు: సోమవారం, మార్చి 23.