గండిలో తలపాగా

"స్వామీ, నాకు కాషాయం ఎప్పుడిస్తారు?" అన్నాడు నీలాద్రి, మళ్ళీ. సోమలింగస్వామి తల పట్టుకున్నారు. స్నానానికి వెళ్తే ఇదే, వడ్డన దగ్గర ఇదే, కాస్త నడుం వాలుద్దామంటే ఇదే! "ఈ తెల్ల పంచె చూసి మఠానికొచ్చిన ప్రతివాడూ నన్ను వంటవాడనుకుంటున్నాడు స్వామీ. ఒక మాట చెప్పబోతే వినేవాడు లేడు. కాషాయం కట్టుకుంటే కదా వింటారు!"

"నీతో వేగలేక చస్తున్నాను. కూర్చో," అన్నారు స్వామి. అని, ఈ సంగతి చెప్పారు.

వెనక ఒక పాళెగాడి కోటలో ఎవరి పాగా వారికి ఉండేది. వర్తకుడికి ఎర్ర పాగా, కరణానికి జరీ అంచు, చెరువు కట్ట కాసే నీరటికి నీలం అంచు. పాగా లేకుండా కోట గడప తొక్కితే దొరను అవమానించినట్టే. ఒక వానాకాలం సాయంత్రం నీరటి ఓబయ్య ఒళ్ళంతా బురదతో, ఉత్త తలతో కోట వాకిట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"కట్టకు గండి పడిందయ్యా! పారలతో మనుషుల్ని పంపమని దొరకు చెప్పాలి. కట్ట కింద పల్లెలో మంచాన పడ్డ మా అమ్మ ఉంది!"

వాకిలి జమేదారు కొండోజీ అడ్డంగా నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి చూస్తున్న మనిషే. కానీ జమేదారు ఏనాడూ పాగా కిందికి చూసి ఎరగడు.

"నువ్వు నీరటివని నమ్మకమేమిటి? పాగా ఏదిరా?"

"గండిలో కుక్కానయ్యా! చేతికి ఇంకేం దొరుకుతుంది?"

"అయితే పోయి తెచ్చుకో."

ఏమనాలి ఇలాంటివాణ్ణి! ఓబయ్య కాళ్ళు పట్టుకున్నాడు, తిట్టాడు, ఏడ్చాడు. జమేదారు మీసం దువ్వుకుంటూ కోట మర్యాదలు చెబుతూనే ఉన్నాడు. ఇక లాభం లేదని ఓబయ్య వెనక్కి తిరిగేసరికి కట్ట తెగిన చప్పుడు వినబడింది. పల్లెను ముంచేసి నీళ్ళు కోట మెట్ల దాకా వచ్చాయి. కొట్టుకొచ్చిన చెత్తలో నీలం అంచు గుడ్డ ఒకటి మెట్టుకు తగులుకుంది. జమేదారు వంగి దాన్ని తీశాడు. నీళ్ళు పిండి, అంచు తడిమి చూసి, తృప్తిగా తలూపాడు.

"నువ్వు నీరటివేరా. ఇక లోపలికి పోవచ్చు."

అక్కడితో స్వామి ఆపేశారు. "ఓబయ్య తల్లి..." అని నసిగాడు నీలాద్రి. స్వామి లేచి, దండెం మీది కాషాయం లాగి శిష్యుడి ఒళ్ళో పడేశారు.

"కట్టుకో నాయనా. ఎవరూ వినని ఆ మాటేదో ఇప్పుడు చెప్పు, వింటాను."