అసిరితల్లి వాడుక ఊళ్ళు

పరదేశి మాస్టారు అడిగిన మాటకు వెంటనే జవాబు చెప్పిన దాఖలా లేదు. ముప్పై నాలుగేళ్ళు దిబ్బలపాలెం బడిలో పాఠం చెప్పినన్నాళ్ళూ అంతే, బడి వదిలి పదేళ్ళయ్యాకా అంతే. అడిగినవాణ్ణి ఏదో ఒక పనికి పురమాయించేవారు. జవాబు ఆ పనిలో దొరికిందా సరే సరి, లేకపోతే వాడి ఖర్మ.

ఆ సంగతి తెలిసి కూడా వైశాఖంలో ఒక పొద్దున్నే లోకనాథం ఆయన అరుగెక్కాడు. ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా కొడుకు. మాస్టారి దగ్గరే ఓనమాలు దిద్ది, ఇప్పుడు పట్నంలో పేరున్న బిజినెస్ స్కూల్లో ఎంబీఏ మొదటి ఏడాది ముగించాడు. వస్తూ వస్తూ ఒక అత్తం అరటిపళ్ళు తెచ్చాడు. శాలువా కప్పించుకుని బహుమతి అందుకుంటున్న ఫోటో ఫోన్లో చూపించాడు. మాస్టారు కళ్ళజోడు పైకి తోసి ఫోటో చూసి, "శాలువా బాగుందిరా" అన్నారు.

"మాస్టారూ, రెండేళ్ళ చదువులో ఒక ఏడు గడిచిపోయింది. మిగిలిన ఏడాదైనా గింజ రాలకుండా వాడుకోవాలి. అక్కడ ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తారు. పోటీలకు దిగమంటారు, పెద్దవాళ్ళ పరిచయాలు పెంచుకోమంటారు, ఊళ్ళ మీద పడి ప్రాజెక్టులు చెయ్యమంటారు. అన్నీ చెయ్యడానికి పొద్దు చాలదు. ఆ చదువులోంచి ఎక్కువలో ఎక్కువ రాబట్టుకోవాలంటే ఏం చెయ్యాలి?"

"మొదటి ఏడాది దేంతో రాబట్టావు?"

"అదేంటి మాస్టారూ, మన ఊరి ప్రాజెక్టుతోనే కదా! ఈ బహుమతి దానికే."

ఆ ప్రాజెక్టు సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. దిబ్బలపాలెంలో ఎండుచేపలు గంపకెత్తుకుని మెట్ట ఊళ్ళకు నడిచిపోయి అమ్ముకునే ఆడవాళ్ళు ఇరవై ఇద్దరున్నారు. ఎవరి వాడుక ఊళ్ళు వాళ్ళవి. అత్త తిరిగిన ఊళ్ళు కోడలికి వస్తాయి. ఒకరి వాడుకలో ఇంకొకరు గంప దించరు. అది ఎక్కడా రాసిలేని కట్టు. కార్తీకంలో లోకనాథం వచ్చి, పది రోజులు వాళ్ళను కూర్చోబెట్టి ఎవరెంత దూరం నడుస్తున్నారో రాసుకున్నాడు. పెదవి విరిచాడు. పడమటి వీధి మనిషి తూర్పు ఊరికీ, తూర్పు వీధి మనిషి పడమటి ఊరికీ పోతోంది! ఇంతకంటే తెలివితక్కువ వ్యాపారం ఉంటుందా? తుఫాను షెల్టరు గోడకు పెద్ద మ్యాపు అంటించి, ఎవరికి ఏ ఊరు దగ్గరో చూసి ఊళ్ళన్నీ కొత్తగా పంచిపెట్టాడు. ముసలివాళ్ళకు మరీ దగ్గరి ఊళ్ళు ఇచ్చాడు. ఇరవై ఇద్దరికీ కలిపి రోజుకు డెబ్భై కిలోమీటర్ల నడక మిగిలిందని లెక్క తేల్చాడు. నలభై రెండు పేజీల రిపోర్టు, దాని అట్ట మీద గంపలెత్తుకున్న ఆడవాళ్ళ బొమ్మ. మార్కులొచ్చాయి, బహుమతి వచ్చింది. ఆ తరువాత దిబ్బలపాలెం రావడానికి ఇదిగో, ఇప్పుడు తీరింది.

మాస్టారు అంతా విన్నారు. "అసిరితల్లి ఇవాళ నేరేడువలస పోతోంది. దానికి మోకాలు నొప్పి. కాస్త గంప మోసిపెట్టి రా. తరువాత మాట్లాడదాం" అన్నారు.

లోకనాథానికి చిరాకేసింది. నేరేడువలస ఏడు కిలోమీటర్లు. అయినా మాస్టారి మాట. చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని గంప ఎత్తుకున్నాడు. ఊరు దాటేలోగా ఇద్దరు ముగ్గురు నవ్వనే నవ్వారు. "ఏటి లోకనాథం, మీ కాలేజీలో ఇదే నేర్పతన్నారేటి?" అని ఒకడు పడవ మీద నుంచి కేకేశాడు.

అసిరితల్లికి అరవై దాటాయి. మోకాలి మీద చెయ్యి ఆనించుకుని నడుస్తోంది. రెండు తాటితోపులు దాటాక గాని లోకనాథానికి తట్టలేదు.

"పెద్దమ్మా, నేరేడువలస నీకు రాయలేదు కదా నేను. నీకు రోడ్డు పక్క ఊళ్ళు రెండు ఇచ్చాను."

"ఇచ్చినావు బాబూ. ఎల్లాను. రెండు నెల్లు ఎల్లాను."

"మరి?"

"ఆ ఊరోళ్ళకి నాను తెల్దు కదా. తెలీని సేతి సేప ఎవులు కొంటారు బాబూ? పందిరి మీద ఎండేసిందో ఇసకలో ఎండేసిందో ఆళ్ళకేటి తెలుస్తాది? కుక్కలు కూడా మీద పడిపోయేవి." ఆమె నవ్వింది. "మావందరం అలాగే ఎల్లాం. మన గుంటడు, అంత సదువు సదివినాడు, తప్పు సెప్తాడేటి అనుకున్నాం. మాస్టారు బాబు కూడా యినండే అన్నారు."

"అయితే అందరూ మళ్ళీ పాత ఊళ్ళకే పోతున్నారా?"

"పోతన్నారు. ఊళ్ళు మిగిలినోళ్ళు."

లోకనాథం గంప సర్దుకుని నడిచాడు. ఆమే చెప్పింది. వాడుక మనిషి రాని రెండు నెలల్లో ఆమె నాలుగు ఊళ్ళలోకీ మోటారు సైకిలు మీద చేపలమ్మేవాడు దిగాడు. హారన్ కొడతాడు, ఇచ్చేసి పోతాడు. ఆ తరువాత మూడు ఊళ్ళు తిరిగి చూసింది, ఎవరూ గంప దించమనలేదు. నేరేడువలసలో మాత్రం ఒక ఇల్లు మిగిలిందేమోనని ఆమె ఆశ.

"మా అత్త సచ్చిపోయే ముందర నన్ను ఈ ఊళ్ళన్నీ ఇల్లిల్లూ తిప్పింది. ఇది నా కోడలు, రేపట్నించి నాను కాదు, ఇదొస్తాది అని సెప్పింది. మా కోడలు తవుడమ్మని అలాగే తిప్పుదావని కిందటేడు గంప కూడా కొన్నాను." ఊరి వైపు చెయ్యి చూపించింది. "అదిప్పుడు రొయ్యల సెడ్డుకి పోతంది. తెల్లారకుండా వేనొస్తాది. పొద్దల్లా ఐసులో సేతులు. గోళ్ళూడిపోనాయి దానికి. ఈ ఒక్క ఊరు దొరికినా దాన్ని మానిపించేద్దును."

నేరేడువలస చేరేసరికి ఎండ చుర్రుమంటోంది. మొదటి ఇంట్లో "తీసేసుకున్నాం" అన్నారు. రెండో ఇంటి ముందు లోకనాథం గొంతు సవరించుకుని, తన చదువుకు పని చెప్పాడు. "అమ్మా, రెండు సోలల నెత్తళ్ళు తీసుకుంటే ఒక గిద్ద ఊరికే ఇస్తాం!" ఆ ఇల్లాలు పకపకా నవ్వి, "ఎవరే ఈ పంతులు, సేపలమ్మడానికొచ్చాడా సంతర్పణ సెయ్యడానికొచ్చాడా?" అని తలుపు వేసుకుంది.

అసిరితల్లి మెల్లిగా చెప్పింది. "కొసరనేది ఆళ్ళడగాల, మనం గొణుక్కుంటా పెట్టాల. అప్పుడే దానికి రుసి. మనమే అరిస్తే సేపకేదో తెగులనుకుంటారు బాబూ."

మూడో ఇల్లు సూరీడమ్మది. ఆమె వసారాలో చీర ఉయ్యాల కట్టి మనవణ్ణి ఊపుతోంది. అసిరితల్లిని చూసి ఉయ్యాల తాడు వదల్లేదు, లేవలేదు.

"ఓలమ్మా, తోవ ఇప్పటికి తెలిసిందేటే నీకు?"

అసిరితల్లి గంప దించమన్నట్టు సైగ చేసి, అందులోంచి ఆకులో విడిగా చుట్టిన మూట తీసి అరుగు మీద పెట్టింది. సొరచేప. బాలింతలకు పాలు పడతాయని ఆ ప్రాంతంలో పొడికూరలా పుట్టు చేసి పెట్టేది అదే. వాడుక ఊళ్ళలో ఏ ఇంట్లో ఎవరికి ఎన్నో నెలో చేపలామె మనసులో పెట్టుకుని, వేళకు తెచ్చి ఇస్తుంది. అడిగించుకోదు. లోకనాథం ఆడవాళ్ళను పది రోజులు కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నల్లో ఇది లేదు. అడగకుండా చెప్పాలని వాళ్ళకూ తోచలేదు. ఊపిరి పీలుస్తున్నామని ఎవరు చెప్తారు?

"ఈశ్వరికి తెచ్చానమ్మా."

"ఇప్పుడా?" సూరీడమ్మ గొంతు పెరగలేదు. "ఎనిమిదో నెల్లో దాని పొట్ట మీద సెయ్యేసి, సొర నాను తెస్తానని సెప్పి ఎల్లావు. పుష్యంలో పురుడొచ్చింది. గుమ్మంలో కూకుని సూసినాం. ఎవర్తో కొత్తది వచ్చి నెత్తళ్ళు కావాలా అంది. దానికేటి తెలుసు? ఈశ్వరికి పాలు పడలేదు. డబ్బా పాలు పట్టాం, ఈడికి ఒంటికి పడలేదు, ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాం." ఉయ్యాల ఒకసారి ఊపింది. "మా అత్తకి మీ అత్త తెచ్చింది. నాకు నువ్వు తెచ్చావు. నా కూతురికి ఎవులు తెచ్చారే?"

ఆ వారం అసిరితల్లి ఎక్కడుందో లోకనాథానికి తెలుసు. రోడ్డు పక్క ఊళ్ళో, కుక్కల మధ్య, తన కాగితం చెప్పిన చోట ఉంది.

"ఒంట్లో బాగోలేదమ్మా," అంది అసిరితల్లి. "మంచాన పడిపోనాను. తప్పు నాదే."

ఆ అబద్ధం తన కోసమని లోకనాథానికి అర్థమైంది. ఒక్క మాట అంటే చాలు. 'అమ్మా, రావద్దన్నది నేను' అంటే చాలు. నోరు తెరిచాడు కూడా. చెప్పినా ఈవిడకు ఆ మ్యాపూ అదీ ఏం అర్థమవుతుందిలే అనిపించింది. అలా అనిపించడం ఎంత తేలికగా ఉందో చూసి అతనికే భయం వేసింది. భయపడుతూనే ఊరుకున్నాడు. కాలేజీలో రెండు వందల మంది ముందు తడబడకుండా మాట్లాడి బహుమతి తెచ్చుకున్న నోరు అది.

"మనిసి రాకపోతే కబురైనా రాదేటే? ఇంటి మనిసివనుకున్నాం. అమ్ముకునే మనిసివని ఇప్పుడు తెలిసింది. పట్టుకెళ్ళు దాన్ని," అని సూరీడమ్మ మనవణ్ణి ఎత్తుకుని లోపలికి పోయింది.

అసిరితల్లి మూట తీసి గంపలో పెట్టుకుంది. మిగిలిన ఇళ్ళ వైపు చూడనైనా లేదు.

తిరుగుదారిలో గంప బరువు ఏమీ తగ్గలేదు. సగం దారిలో కల్వర్టు మీద కూలబడ్డారు. ఆమె మోకాలు రుద్దుకుంటోంది. తిడుతుందేమోనని లోకనాథం కాచుకుని ఉన్నాడు. తిడితే బాగుండునని కూడా ఉంది.

"బాబూ, ఆ కాగితానికి నీకు మార్కులొచ్చాయేటి?"

"వచ్చాయి పెద్దమ్మా. మొదటి బహుమతి కూడా వచ్చింది."

"అమ్మయ్య," అందామె. ఆ మాటలో ఎత్తిపొడుపేమైనా ఉందా అని లోకనాథం ఆమె ముఖం వెతికాడు. లేదు. నిజంగానే సంతోషించింది. "పోన్లే. ఎవులికో ఒకలికి ఒచ్చింది."

పొద్దు వాలేసరికి అసిరితల్లిని ఇంటి దగ్గర దిగబెట్టి, లోకనాథం మాస్టారి అరుగు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. చొక్కా నిండా చేపల వాసన. మాస్టారు ఏం జరిగిందని అడగలేదు. మంచినీళ్ళు ఇచ్చారు. తాగేదాకా ఆగారు.

"మాస్టారూ, మీరూ వినమనే కదా వాళ్ళకు చెప్పారు," అన్నాడు లోకనాథం చివరికి. ఇంకేదో అనబోయి అదే అన్నాడు.

"చెప్పాను," అన్నారు మాస్టారు. "నా దగ్గర చదువుకున్నవాడివని మురిసి చెప్పాను. ఆ ఊళ్ళ ముందు నాకూ తలెత్తుకునే ముఖం లేదు."

వీధిలో రొయ్యల షెడ్డు వ్యాన్ వచ్చి ఆగింది. దిగిన ఆడవాళ్ళు చేతులు కొంగుల్లో చుట్టుకుని ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు. లోకనాథం వాళ్ళ వైపు చూడలేక నేల చూశాడు.

"ఒక్క ఏడాదిలో ఎంత రాబట్టావో చూసి వచ్చావు," అన్నారు మాస్టారు. "ఇంకో ఏడు ఉందన్నావు కదా. దానికి ఏ ఊరు చూసుకున్నావురా?"