సుంకులవ్వ సుత్తి మోత

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, కొండలకింకా పేర్లు పెట్టని రోజుల్లో. సీమలో ఒక ఊరు. తూర్పున పొరలు పొరలుగా లేచే నాపరాయి. పడమట గోటితో గీకినా రాలే ఇసకరాయి. ఉత్తరాన ఒక పట్టాన లొంగని నల్లరాయి గుట్ట. నీళ్ళు మాత్రం ఏ దిక్కునా లేవు. దేవుడికి రాళ్ళ మీదున్న ధ్యాస నీళ్ళ మీద లేకపోయింది మరి!

ఆ ఊళ్ళో సుంకులవ్వ అని రాళ్ళు కొట్టే ముసలామె ఉండేది. వెనకా ముందూ ఎవరూ లేరు. నల్లరాయి గుట్ట మీద ఆమె సుత్తి మోగితేనే ఊరు నిద్రలేచేది. ఇంటింటి రోలూ ఆమె చేతిదే. మా జేజి ఇంట్లోనూ అలాంటి రోలుండేది. పప్పు రుబ్బుతూ మనవలకు ఈ కథ చెప్పేది. ఇప్పుడా రోలూ లేదు, ఆ జేజీ లేదు.

వాన మొహం చాటేసింది. ఒక ఏడు, రెండో ఏడు, మూడో ఏడు. ఊరంతా వలసకు బండ్లు కట్టింది. అవ్వ మాత్రం ఊరి కోసం తను తవ్వే బావిలోనే ఉంది.

"అవ్వా, బండిలో చోటుంది, రా" అని పిలిచాడు ఊరిపెద్ద ఓబులయ్య.

"అడుగున చెమ్మ తగుల్తాంది నాయనా. ఈ ఒక్క బండా పగిలేదాకా ఉండండి."

"పోయినేడూ ఇదే మాటంటివి. పసిబిడ్డలు గొంతెండి ఏడుస్తాండారు. ఇంగ ఉండలేం."

ఆయన తప్పేముంది, పాపం? బండ్లు కదిలాయి.

అవ్వ కొట్టింది, కొట్టింది, కొట్టింది. బండ పగిలింది. నీళ్ళు! మోకాళ్ళ దాకా వచ్చాయి. నాలుక పిడచగట్టుకుపోతున్నా అవ్వ చుక్క ముట్టలేదు. బావి తవ్వినవాళ్ళు ఊరు తాగాకే తాగాలని వాళ్ళ ఆచారం. ఊరేమో బండ్లెక్కి పోయింది.

పైకొచ్చి, పోయే బండ్లకు వినబడాలని ఇసకరాయిని కొట్టింది. దబ్బుమంది, అంతే. నాపరాయిని కొట్టింది. టప్పున విరిగింది. ఆ ముసలి కాళ్ళతోనే గుట్టెక్కి నల్లరాయిని కొట్టింది. ఖంగుమంది! గుడిగంటలా మోగింది.

దూరాన ఓబులయ్య ఎద్దుల్ని ఆపాడు. "అది మన అవ్వ సుత్తి! తిప్పండి బండ్లు!"

తిరిగొచ్చేసరికి బావి నిండా నీళ్ళు. అవ్వ గుట్ట మీద సుత్తి పట్టుకునే ఒరిగిపోయింది. ప్రాణం లేదు. ఓబులయ్య దోసిట్లో నీళ్ళు తెచ్చి, ఎండిన ఆ పెదాల మీద పోశాడు. "వచ్చేసినామవ్వా, తాగు" అని భోరుమన్నాడు.

ఇప్పటికీ ఆ సీమలో ఎక్కడ కొత్తగా నీళ్ళు పడ్డా, బోరైనా సరే, ఎవరూ ముందు తాగరు. నల్లరాయిని సుత్తితో మూడుసార్లు మోగిస్తారు. మొదటి దోసిలి దాని మీద పోస్తారు.

"వచ్చేసినామవ్వా, తాగు" అంటారు. ఆ తర్వాతే ఊరు తాగుతుంది.