పేరిందేవమ్మ వేరే కంచం

బాధలో ఉన్న మనిషికి ధైర్యం ఎలా చెప్పాలి అని పద్మనాభం గురువుగారిని అడిగాడు. అడిగిన తీరు చూస్తే, జవాబు తన దగ్గర సిద్ధంగానే ఉందనీ, గురువుగారు ఔనంటే చాలుననీ తెలిసిపోతూనే ఉంది. ఆత్మకు చావు లేదన్న విషయం మీద గంటసేపు ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడగల శిష్యుడు ఆ ఆశ్రమంలో అతడొక్కడే మరి. గురువుగారికి ఒక అలవాటుంది. ఇలాంటి ప్రశ్న వస్తే జవాబు చెప్పరు, పని చెబుతారు.

"రేపు పేరిందేవమ్మ ఆసుపత్రికి వెళ్తోంది. తోడు వెళ్లి రా," అన్నారు.

పేరిందేవమ్మ ఆశ్రమంలో వంట చేసే మనిషి. రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలింది. ఆ మాట ఎవరూ పైకి అనరు. "ఆ జబ్బు" అంటూ గొంతు తగ్గించి, అరటిపళ్లు చేతిలో పెట్టి, అదే జబ్బుతో పోయిన బంధువుల కథలు పూసగుచ్చినట్టు చెప్పి, ధైర్యంగా ఉండమని వెళ్లిపోతారు. ఆవిడ వంటింటి గడప తొక్కడం మానేసింది. వంట శిష్యుల పాలయ్యాక ఆశ్రమంలో ఉపవాసాలు పెరిగాయి. ఆవిడ తన కంచం, గ్లాసు వేరే పెట్టుకుంది. ఒళ్లోకి దూకే మనవరాలిని చేత్తో నెట్టేస్తోంది. మందు ఎక్కించుకోనని డాక్టరమ్మతో చెప్పేసి, తమ్ముడి తోటలో పాకలోకి వెళ్లి ఒంటరిగా ఉంటానంటోంది. ఎందుకమ్మా అంటే ఏడుస్తుంది గాని చెప్పదు. అయినా ఇంకొక్కసారి వచ్చి మాట్లాడి వెళ్లమని డాక్టరమ్మ కబురు పెట్టింది.

బస్సులో పద్మనాభం ఆవిడ పక్కన కూర్చోలేదు. ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి, మధ్యమధ్య తుమ్ముతూ, ఈ దేహం మనది కాదని బోధించాడు. అద్దె ఇల్లన్నాడు. ఆవిడ ప్రతి మాటకూ "అలాగే బాబూ" అంది. కండక్టరు కూడా కాసేపు శ్రద్ధగా విని, "అద్దెదైనా సరే, టిక్కెట్టు తియ్యాలండి," అన్నాడు.

ఆసుపత్రి వరండాలో, పిలుపు వచ్చేముందు, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బాబూ, నాకు నోరు రాదు. సదువుకున్నోరు, మీరే డాక్టరమ్మగార్ని అడగండి. నేను వండింది తిన్నోళ్లకీ, నా గ్లాసుతో తాగినోళ్లకీ ఇది అంటుకుంటాదా? పాపని ఎత్తుకోవచ్చా?"

పద్మనాభం బోధ అక్కడితో ఆగిపోయింది. ఆ జవాబు అతనికి తెలియదు. పైగా గడ్డ సంగతి బయటపడ్డప్పటి నుంచీ అతన్ని పీక్కు తింటున్న భయమూ అదే. ఆవిడ పెట్టిన ఆవకాయ జాడీని ఎవరూ చూడకుండా అటక ఎక్కించింది తనే. అది గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు గాని, సిగ్గు కన్నా భయమే ఓ పిసరు ఎక్కువగా ఉంది.

లోపలికి వెళ్లగానే ఆవిడ ప్రశ్న అడిగాడు. జవాబు వచ్చేలోగా తన ప్రశ్న కూడా తగిలించాడు. "ఇదివరకే తినేసినవాళ్ల సంగతేమిటండీ?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసి అతన్ని ఒకసారి చూసింది. తర్వాత కుర్చీ పేరిందేవమ్మ వైపు జరుపుకుని, తీరుబడిగా చెప్పింది. "ఇది అంటుకునే జబ్బు కాదమ్మా. తాకితే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. పాపని హాయిగా ఎత్తుకోండి. మందు ఎక్కించాక నీరసంగా ఉంటుంది. జుట్టు ఊడొచ్చు, ఊడినా మళ్లీ వస్తుంది. జ్వరం తగిలితే మాత్రం చూద్దాంలే అని ఆగకండి, వెంటనే మాకు ఫోన్ చెయ్యండి." ఆ మీదట పద్మనాభం వైపు తిరిగింది. "ఆవిడ నుంచి మీకేమీ రాదు. మందు మొదలయ్యాక మీ జలుబే ఆవిడకి ప్రమాదం. మీరు కాస్త దూరంగా కూర్చోండి."

పద్మనాభం ముక్కు తుడుచుకుంటూ తలుపు దగ్గరి స్టూలు మీదికి వెళ్లాడు. అక్కడి నుంచి చూస్తే, ఇన్నాళ్లూ నోరు మెదపని మనిషి ఒకదాని వెంట ఒకటి అడుగుతోంది. పెరుగు తినొచ్చా, పొయ్యి దగ్గర నిలబడొచ్చా, ఆసుపత్రిలో ఉండాల్సొస్తే పక్కన ఎవరినైనా ఉండనిస్తారా. డాక్టరమ్మ అన్నిటికీ జవాబు చెప్పింది. ఆఖరికి పేరిందేవమ్మే, మందు ఎప్పుడు మొదలుపెడతారని అడిగింది.

ఆ సాయంత్రం పేరిందేవమ్మ మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని అందరి వరసలో అన్నం తింది. తింటూ తింటూ కళ్లు తుడుచుకుంది. పాప ఆవిడ కంచంలోనే చెయ్యి పెట్టి కెలుకుతున్నా వద్దనలేదు. పద్మనాభం మాత్రం జలుబు మూలాన వరసకు ఎడంగా, గుమ్మం అవతల కూర్చున్నాడు. భోజనాలయ్యాక గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"దారి పొడుగునా బోధించాను, గురువుగారూ. ఆవిడకి ధైర్యం రాలేదు. డాక్టరమ్మ అంటుకోదు అంది, వచ్చేసింది."

"ఆవిడ సంగతి సరే," అన్నారు గురువుగారు. "నీకొచ్చిందా?"