బురద భిక్ష

"స్వామీ, మనసులోని మురికిని ఒక్క దెబ్బకు కడిగేసుకునే దారి లేదా?" అని అడిగాడు ఆశ్రమంలో శిష్యుడు భార్గవుడు. చిదంబరస్వామికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు, పని చెప్పే అలవాటే ఉంది. "ఆశ్రమం వెనక మురుగునీటి తొట్టి నువ్వు చూసుకో" అన్నారు.

వంటశాల నీళ్ళూ, స్నానాల నీళ్ళూ, మరుగుదొడ్ల నీళ్ళూ అన్నీ ఆ తొట్టిలోకే వస్తాయి. అడుగున గొట్టాలు గాలి ఊదుతుంటే, గోధుమరంగు బురదలో కంటికి ఆనని జీవులు ఆ మురికిని తిని బతుకుతాయి. పైకి తేరిన నీళ్ళు దిగువన పోలమ్మ చేపల చెరువులోకి పోతాయి. స్వామి ఇదంతా విడమరిచి చెప్పారు. భార్గవుడు విన్నాడు గానీ, ముక్కు మూసుకుని విన్నాడు.

ఆరాధన ఉత్సవం ముందురోజు అతనికి ఒళ్ళు మండింది. అంతమంది భక్తులు వస్తుంటే ఈ నురగేమిటి, ఈ రొచ్చేమిటి, ఛీ! ఎవరికీ చెప్పకుండా బురదంతా తోడి పారబోయించాడు. తొట్టి తోమించి, బస్తాడు బ్లీచింగు పౌడరు కుమ్మరించాడు. తొట్టి తళతళలాడింది, అతని మొహమూ వెలిగిపోయింది.

మర్నాడు పొద్దెక్కేసరికి పోలమ్మ కొంగు నడుముకు బిగించుకుని ఊడిపడింది. "ఏం వదిలారయ్యా నా చెరువులోకి? చేపలన్నీ నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతున్నాయి! వాటిమీదే గదయ్యా నా బతుకు!"

స్వామి వెళ్ళి తూము మూసేశారు. చెరువులోకి బోరు నీళ్ళు పెట్టించారు. వచ్చిన భక్తులకు చేతులెత్తి దండం పెట్టి వెనక్కి పంపేశారు. ఆశ్రమంలో ఉన్నవాళ్ళ మురుగు ఎలాగూ ఆగదు. తొట్టి నిండిందంటే తూము తెరవక తప్పదు, మురికిని తినే జీవులు లేకుండా తెరిస్తే పోలమ్మ చెరువు పూర్తిగా పోయినట్టే.

బ్లీచింగు ఘాటు విరిగేదాకా గాలి ఊదించి, భార్గవుణ్ణి పిలిచారు. అతను రోజూ ఇంటింటా అన్నం అడిగే మధూకరానికి వెళ్ళే జోలె భుజం మీద ఉంది. దాన్ని తీయించి, కావడీ, రెండు బిందెలూ చేతికిచ్చారు. "ఇవాళ అన్నం వద్దు. పాలడైరీ వాళ్ళకీ ఇలాంటి తొట్టే ఉంది. వెళ్ళి బురద అడుక్కురా. అందులోని జీవుల్ని దారిలో చావనివ్వకు."

డైరీ వాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ బిందెలు నింపి ఇచ్చారు. గాలి అందక ఎక్కడ చచ్చిపోతాయోనని భార్గవుడు అడుగడుగునా కావడి దించాడు, మోచేతిదాకా చెయ్యి ముంచి కలిపాడు. ముక్కు మూసుకోవడం గుర్తే రాలేదు. దారిలో ఒక బిందె ఒలకబోసుకుని మళ్ళీ డైరీకి పరిగెత్తాడు. ఎన్నిసార్లు తిరిగాడో, భుజం కమిలిపోయింది. తొట్టి మాత్రం నిండుతూనే ఉంది.

నీళ్ళు అంచుకు వచ్చాక ఒక ఉదయం కుళ్ళు కంపు తగ్గింది, తడిసిన మట్టి వాసన తగిలింది. ఆ నురగ మళ్ళీ కనబడితే భార్గవుడికి ఏడుపొచ్చింది. నీళ్ళు తేరాక స్వామి తూము తెరిచారు.

సాయంత్రం పోలమ్మ వచ్చింది. "సగం పోయాయి స్వామీ, సగం బతికాయి" అంది, భార్గవుడి వైపు చూడకుండానే.

ఆమె వెళ్ళేదాకా అతను తల ఎత్తలేదు. "స్వామీ, ఆ రోజు నేనడిగింది... మనసులోని మురికి సంగతి..." అన్నాడు.

స్వామి తొట్టిలోకి చూస్తూ అన్నారు: "లోపల బ్లీచింగు చల్లే ముందు, అక్కడ పని చేస్తున్నదెవరో చూసుకో నాయనా."