అమ్మ చెంబు ముట్టని రాకుమారుడు

అనగా అనగా, మన తాతలకు తాతలు ఉయ్యాలలూగే రోజుల్లో, కందళీపురాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ ఊరివాళ్ళు మహా ప్రేమగలవాళ్ళు. ఎవరికి జబ్బు చేసినా ఊరంతా చూడబోయి, రోగి చెంబులోంచి తలో గుక్క తాగి వచ్చేవాళ్ళు. తాగకపోతే ప్రేమ లేదని లెక్క!

ఆ రాజ్యం మీద కాలజంఘుడనే మాంత్రికుడి కన్ను పడింది. వాడు ఒక రోగి చెంబులో చిటికెడు తెగులు చల్లాడు. ఊరంతా వాంతులు, భేదులు. దాసిని చూడబోయి రాణి పడింది. రాణిని చూడబోయి పెద్దకొడుకు పడ్డాడు, తరువాత రెండోవాడు పడ్డాడు.

మూడోవాడు మణిధరుడు ఆ రోజే గురుకులం నుంచి వచ్చాడు. రాజు వాణ్ణి గుమ్మంలోనే ఆపాడు.

"మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందట. వెళ్ళు నాయనా. మీ అమ్మ ఎన్నాళ్ళో ఉండదు."

మణిధరుడు వెళ్ళాడు. దారిలో ఒక పెద్దపక్షి పిల్ల కాలిలో ముల్లు తీస్తే, తల్లిపక్షి వాణ్ణి వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. చిలక మెడ మీద చెయ్యి వేశాడో లేదో, అది నవ్వింది.

"నాలో ఎవరి ప్రాణమూ లేదయ్యా. అది వాడు పుట్టించిన పుకారు. నీలాంటివాళ్ళు ఇంట్లో రోగం వదిలేసి నాకోసం తిరగాలని! వాడి ఊపిరి ఆ తెగుల్లోనే ఉంది. అది ఆగితే వాడూ ఆగుతాడు."

"ఎలా ఆపాలి?"

"అది నాకూ తెలీదు. ఇంటింటికీ వెళ్ళి మూడు మాటలడుగు. ముందు ఎవరు పడ్డారు? వాళ్ళ దగ్గరికి ఎవరు వెళ్ళారు? అక్కడ ఏం పుచ్చుకున్నారు?"

మణిధరుడు తిరిగివచ్చి, రాజభవనంలో కాలు పెట్టకుండానే ఇల్లిల్లూ తిరిగాడు. అన్ని ఇళ్ళలోనూ ఒకటే జవాబు: చూడబోయాం, ఒక గుక్క తాగాం. ఒక్క కుమ్మరి కూతురు చెంగల్వ మాత్రం రోజూ పదిమంది రోగులకు సేవ చేస్తూ నిక్షేపంలా ఉంది.

"నువ్వు తాగలేదా?"

"నాకు చిన్నప్పటి నుంచీ ఎంగిలి పడదు బాబూ. నీళ్ళు కాచి నా ముంతలో నేను తెచ్చుకుంటా. చేతులు కడుక్కోందే ముద్ద ముట్టను. అందరూ నన్ను పొగరుబోతంటారు."

మణిధరుడికి సంగతి అర్థమైంది. తల్లి దగ్గరికి పరుగెత్తాడు. ఆమె తన చెంబు అందించింది.

"నీ అన్నలిద్దరూ తాగారు. నువ్వూ ఒక గుక్క తాగు నాయనా."

వాడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ గుక్క తాగితే అమ్మ సంతోషిస్తుంది. తాగితే వాడూ పడతాడు.

"తాగనమ్మా. నేనూ పడితే నిన్ను చూసేదెవరు?"

రాణి గోడవైపు తిరిగిపోయింది. "మూడోవాడికి నేనంటే ప్రేమ లేదు," అంది. ఊరంతా అదే మాట. మణిధరుడు ఆ చెంబు నీళ్ళు దూరంగా గోతిలో పోసి మన్ను కప్పాడు. చెంగల్వ ఉప్పూ బెల్లమూ వేసి కాచిన నీళ్ళు తెస్తే, కొత్త ముంతలతో అమ్మకూ అన్నలకూ పట్టించాడు. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కున్నాడు. ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు వాళ్ళ మంచాల దగ్గర నుంచి కదల్లేదు.

నాలుగోనాడు రాణి లేచి కూర్చుంది. అన్నలూ లేచారు. మణిధరుడు పడనే లేదు. రాణి ఊరివాళ్ళను పిలిపించింది.

"నా చెంబు ముట్టనివాడే నా మంచం వదల్లేదు. ఇకమీదట నన్ను చూడవచ్చేవాళ్ళు ఎవరి ముంత వాళ్ళు తెచ్చుకోండి. నా దగ్గర కూర్చుంటే చాలు," అంది.

ఇంటింటా అలాగే చేశారు. తెగులు ఆగింది. సింహాసనం కోసం ఊరేగి వస్తున్న కాలజంఘుడు ఊరి పొలిమేరలోనే చమురు అయిపోయిన దీపంలా ఆరిపోయాడు.

మణిధరుడికీ చెంగల్వకూ పెళ్ళయింది. విందుకు వచ్చిన ప్రతివాడికీ పెళ్ళికూతురు చేసిన కొత్త ముంత ఒకటి! వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు.

కథ కంచికి బయలుదేరింది. మీరు మాత్రం చేతులు కడుక్కుని, ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుని అన్నానికి రండి.