జింకలకు రాసిన ఆకు

అనగనగా ఒక అడవిలో జంతువులు ఆకుల మీద ఉత్తరాలు రాసుకునేవర్రా. అన్నీ ఉత్తరం మొత్తం చదివేవి, ఒక్క జింకలు తప్ప. వాటికి నిలకడ తక్కువ. ఒక వాక్యం చదివి, ఆ పని చేసేసి, అప్పుడు రెండోది చదివేవి.

అందుకే బడిలో ముళ్ళపంది పంతులమ్మ రోజూ చెప్పేది. "ముందు ఏం జరిగిందో రాయండి. తర్వాత ఎందుకో రాయండి. ఆపైన ఏం చెయ్యాలో వరసగా రాయండి."

గంతులు అనే కొండముచ్చు పిల్లవాడు ఆవలించేవాడు. "అన్ని మాటలూ ఉంటే చాలదా పంతులమ్మా? వరస ఎందుకు?" అనేవాడు. వాడి అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉండేవి. అదే వాడి గర్వం.

ఒక మధ్యాహ్నం ఏటికి అవతల అడవి అంటుకుంది. జింకల మంద అవతలి ఒడ్డుకు వచ్చి బెదిరిపోయి నిలబడింది. ఏటి హోరులో ఇవతలి కేకలు వినపడవు. పైగా నల్లబండ దగ్గర తప్ప ఏరంతా ఊబి.

"గంతులూ, త్వరగా రాయి," అంది పంతులమ్మ.

వాడు రాశాడు. "ఏట్లోకి దిగండి. ఇవతలికి రండి. దిగేముందు నల్లబండ దగ్గరికి వెళ్ళండి, ఎందుకంటే మిగతాచోట ఊబి ఉంది."

పంతులమ్మ చూసేలోపే ఆకును ఉత్తరాలు మోసే పావురానికి ఇచ్చి పంపేశాడు.

తల్లి జింక మొదటి వాక్యం చదివింది. అంతే, దాని కూతురు జాజి ఏట్లోకి దూకింది. పొట్ట దాకా కూరుకుపోయింది. వెనకే మిగతా జింకలూ దిగాయి.

గంతులు ఇవతలి ఒడ్డు నుంచి అంతా చూశాడు. "నేనే దింపాను పంతులమ్మా," అని ఏడ్చాడు.

"ఏడుపు తర్వాత. ముందు వాళ్ళు చెయ్యాల్సింది ఏమిటి?"

వాడు ఇంకో ఆకు రాశాడు. "అక్కడ ఊబి ఉంది. అందుకని ముందు వెనక్కి జరగండి. తర్వాత జాజిని లాగండి. ఆ తర్వాత నల్లబండ దాకా పరుగెత్తండి. చివరికి అక్కడ ఏరు దాటండి."

పావురం మళ్ళీ ఎగిరింది. జింకలు ఒక్కో వాక్యం చదివి, ఒక్కో పని చేశాయి. మంటలు ఒడ్డున గడ్డిని అందుకునేసరికి ఆఖరి జింక ఇవతలికి చేరింది. కానీ లాగడంలో జాజి కాలు మెలిపడింది. ఆ కుంటి నడక ఇక పోలేదు.

మర్నాడు జాజి కుంటుతూ బడికొచ్చి గంతులు పక్కనే కూర్చుంది.

"నా మీద కోపం లేదా?" అని అడిగాడు వాడు.

"ఉంది. అందుకే ఇక్కడ కూర్చున్నా," అంది జాజి. "ఇకనుంచి నువ్వు రాసే ప్రతి ఆకూ ముందు నేనే చదువుతా."

నీతి: మన రాతను నమ్మి అడుగు వేసేవాళ్ళు ఉంటారు, కాబట్టి ముందు చెప్పాల్సినది ముందే చెప్పాలి.